ముప్పయ్యో తారీఖు – జస్టిస్ పున్నయ్య గారి గురించి కొన్ని మాటలు

(మంచిర్యాలలో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



‘దళిత స్త్రీలు – చట్టాలు’ అన్న అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. చట్టాల గురించి మాట్లాడాలంటే నాకు కొంచెం భయం. సెక్షన్లు చదువుకుంటూ పోతే పావుగంటకే సగం మందికి కునుకు వస్తుంది, మిగిలిన సగం మంది నోటు పుస్తకంలో రాసుకుని ఇంటికి పోయాక మళ్లీ తెరవరు. నేనూ అట్లా రాసుకున్న పుస్తకాలు చాలా ఉన్నాయి. అందుకని ఇవాళ ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన వెంట నడిస్తే చట్టాలు వాటంతట అవే వస్తాయి.

ఆయన జస్టిస్ కె. పున్నయ్య గారు. ఈ హాల్లో ఆయన పేరు ఎంతమంది విన్నారని పొద్దున అడిగితే ముగ్గురు చేతులెత్తారు. ప్రతి నెలా 30వ తారీఖున ఊళ్లలో జరిగే పౌరహక్కుల దినం గురించి ఎంతమందికి తెలుసంటే దాదాపు ఇరవై చేతులు లేచాయి. ఆ ముప్పయ్యో తారీఖు ఆయన కమిషన్ సిఫార్సుల నుంచి వచ్చిందే. మనిషి పేరు మరుగునపడి ఆయన చేసిన పని మిగలడం మంచిదే. కానీ ఆ పని ఎందుకు మొదలైందో కూడా మరిచిపోతే అది తంతుగా మారుతుంది. ఇప్పుడు చాలా ఊళ్లలో అట్లాగే మారింది. నా బాధంతా దాని గురించే.

పున్నయ్య గారిది అప్పటి శ్రీకాకుళం జిల్లా. కావలి అనే ఊరు, నెల్లూరు కావలి కాదు. శ్రీకాకుళం ఎక్కడ, మన గోదావరి ఒడ్డు ఎక్కడ అనుకోకండి. ఆయన పని మన దాకా ఎట్లా వచ్చిందో చెప్తాను. దళిత కుటుంబంలో పుట్టి, స్వాతంత్ర్యానికి ముందు చదువుకున్న తరం ఆయనది. లా చదివారు, వకీలుగా చేశారు, శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ తర్వాత 1970ల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. శాసనసభలో కూర్చుని చట్టాలు చేసే పని, కోర్టులో కూర్చుని అదే చట్టాలకు అర్థం చెప్పే పని – రెండూ చేసినవాళ్లు మనలో తక్కువ. దళితుల్లో మరీ తక్కువ. ఆయన హైకోర్టులో ఉన్న దశాబ్దంలోనే, 1978లో, మన హైకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ కె. అమరేశ్వరి వచ్చారు. అంటే రాష్ట్రం ఏర్పడి 22 ఏళ్లు గడిచేదాకా ఆ బల్ల మీద ఒక్క స్త్రీ కూడా కూర్చోలేదు. ఆ కోర్టు ఎవరి కోర్టుగా ఉండేదో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఆయన బతుకూ అంటరానితనం మీద వచ్చిన చట్టాల బతుకూ పక్కపక్కనే నడిచాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనం రద్దయిందని చెప్పింది. దాన్ని అమలు చేయడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. శిక్షలు తక్కువ, రాజీలు ఎక్కువ. 1976లో దాన్ని గట్టిచేసి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అప్పటికి పున్నయ్య గారు న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ చట్టం ఏం చూసింది? హోటల్లోకి రానివ్వకపోవడం, గుళ్లోకి రానివ్వకపోవడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం చూసింది. బావి దగ్గరికి వస్తే చంపేయడాన్ని ప్రత్యేకంగా చూడలేదు.

బావి అంటే నాకు కారంచేడు గుర్తొస్తుంది. మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులైలో, దళితులు తాగే చెరువు నీళ్ల దగ్గర అగ్రకుల యువకులు బర్రెను కడిగి కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నారు. వద్దన్నవాళ్ల మీద చెర్నాకోల ఎత్తారు. అప్పుడు మున్నంగి సువార్తమ్మ తన చేతిలోని బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు జులై 17న మూకుమ్మడిగా వచ్చి మాదిగవాడ మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడపిల్లలపై అత్యాచారం చేశారు. సాక్షి అలీసమ్మను తర్వాత చంపేశారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, అంటే 23 ఏళ్లకు. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది నాయకుల పేర్లు చెప్పి బిందె ఎత్తిన మనిషిని ఒక వాక్యంలో దాటేస్తారు. గొడవ నీళ్ల దగ్గర మొదలైంది. నీళ్లు తెచ్చేది ఎవరు? సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చింది ఎవరు? చనిపోయింది ఎవరు?

కారంచేడు, ఆ తర్వాత నీరుకొండ, ఆ తర్వాత 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఈ మధ్యలోనే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1989లో చేసి 1990 జనవరి 30 నుంచి అమల్లో పెట్టారు. ఈ జనవరి 30 తారీఖును గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. చుండూరు వాళ్లు కోర్టు మా ఊళ్లోనే పెట్టండని పట్టుబట్టి సాధించుకున్నారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చట్టం ఉంది, కోర్టు ఊళ్లోకి వచ్చింది, సాక్షులు నిలబడ్డారు. అయినా చివరికి అంతే జరిగింది.

ఇట్లాంటి నేపథ్యంలో, 1990ల చివర, దళిత సంఘాలూ కుల వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే సంఘాలూ రాష్ట్రమంతా తిరిగి సర్వేలు చేసి, ఏ ఊళ్లో ఏ హోటల్లో రెండు గ్లాసులున్నాయో పేర్లతో సహా బయటపెట్టి ఒత్తిడి తెచ్చాక, ప్రభుత్వం పున్నయ్య గారితో ఏకసభ్య కమిషన్ వేసింది. రిటైరైన జడ్జితో కమిషన్ వేయడమంటే మన దేశంలో కోపం చల్లార్చే పద్ధతి. నివేదిక వస్తుంది, బీరువాలో పడుతుంది. ఇదీ అట్లాగే పోయి ఉండేది. పూర్తిగా పోలేదంటే దానికి రెండు కారణాలు కనిపిస్తాయి నాకు. సంఘాలు వెంటబడ్డాయి. రెండోది, పున్నయ్య గారి సిఫార్సుల్లో కొన్ని నేరుగా ఊరి మీద పెట్టిన పనులు. కోర్టుకు కాదు, సెక్రటేరియట్‌కు కాదు, ఊరికి.

నేను ఆయన్ని మెచ్చుకునేది ఇక్కడే. ఇన్నేళ్లు కోర్టులో కూర్చున్న మనిషి మరో కోర్టు అడిగి ఊరుకోవచ్చు. ఆయన నెలకోసారి అధికారులు ఊళ్లోకి పోవాలన్నారు. ఎమ్మార్వో, ఎస్సై, మిగతావాళ్లు నెలనెలా 30న ఒక ఊరికి పోయి, అందరినీ కూర్చోబెట్టి, ఈ చట్టాల గురించి చెప్పి, ఆ ఊళ్లో వివక్ష ఏ రూపంలో ఉందో విని, రాసుకుని రావాలి. చూడ్డానికి చిన్న పని. కానీ ఆలోచించండి. దళితవాడ మనిషి పోలీసు స్టేషన్ మెట్లెక్కాలంటే బస్సు చార్జీ కావాలి, ఒక రోజు కూలీ పోవాలి, ఊళ్లో ఎవరూ చూడకుండా పోవాలి. స్టేషనే నెలకోసారి వాడకు వస్తే ఆ దూరం తగ్గుతుంది. ఇందులో ఆడవాళ్లకే ఎక్కువ లాభం, ఎందుకంటే స్టేషన్‌కు పోవడం అందరికన్నా కష్టం వాళ్లకే.

ఆ కమిషన్ రోజుల తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఎస్సీ ఎస్టీలకు రాష్ట్ర స్థాయిలో చట్టబద్ధమైన కమిషన్ కావాలన్న డిమాండ్ ఫలించి, 2003లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టం చేసింది. మొదటి అధ్యక్షుడుగా పున్నయ్య గారినే వేశారు. ఆ చట్టం చేసినప్పుడు సభలో స్పీకర్ కుర్చీలో ఉన్నది కావలి ప్రతిభాభారతి గారు, పున్నయ్య గారి కూతురు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వంలో మంత్రి అయ్యి, 1999 నుంచి 2004 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి మహిళా స్పీకర్‌గా ఉన్నారు. తండ్రి కూర్చున్న చట్టసభకు కూతురు అధ్యక్షత వహించడం చిన్న విషయం కాదు. ఒక దళిత స్త్రీ ‘కూర్చోండి’ అంటే పెద్దపెద్ద భూస్వాముల కొడుకులు కూర్చోవాల్సిన కాలం అది. దాన్ని మన స్త్రీవాద పత్రికలు ఆ రోజుల్లో ఎంత పట్టించుకున్నాయో వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు సిగ్గేస్తుంది. ‘రాజకీయ కుటుంబం, ఆమెకేం’ అనుకున్నాం. అగ్రకులాల నాయకుల కూతుళ్లు వస్తే మనం అట్లా అనుకున్నామా?

ఆయన్ని దేవుణ్ని చేయడానికి నేను రాలేదు. నాకు రెండు అభ్యంతరాలున్నాయి. అది ఏకసభ్య కమిషన్, ఆ ఒక్క సభ్యుడూ మగవాడు. ఒక దళిత స్త్రీ తన మీద జరిగిన దాన్ని, కలెక్టరాఫీసులో గానీ గెస్ట్‌హౌస్‌లో గానీ, పోలీసులూ గుమాస్తాలూ చుట్టూ ఉండగా, పెద్దాయన ముందు ఎంతవరకు చెప్పగలుగుతుంది? గ్లాసు గురించి చెబుతుంది, బావి గురించి చెబుతుంది. పొలంలో దొర కొడుకు చేసిన దాని గురించి చెబుతుందా? అంటరానితనం అంటే ముట్టుకోకపోవడం అని చట్టం అనుకుంటుంది. దళిత స్త్రీకి పగలు ముట్టుకోకపోవడం, రాత్రి వదలకపోవడం రెండూ కలిస్తేనే అంటరానితనం. ఈ రెండో సగాన్ని కమిషన్లు రాసుకోవడం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

రెండో అభ్యంతరం, 2000లో వాజపేయి ప్రభుత్వం రాజ్యాంగ పనితీరు సమీక్షకు జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన కమిషన్ వేస్తే పున్నయ్య గారు అందులో సభ్యుడుగా ఉన్నారు. దళిత సంఘాలు చాలావరకు ఆ సమీక్షనే వ్యతిరేకించాయి. రాజ్యాంగం మనల్ని ఓడించిందా, మనమే రాజ్యాంగాన్ని ఓడించామా అని అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ అడిగింది ఆ సందర్భంలోనే. పదకొండు మంది కమిషన్లో స్త్రీ ఒక్కరే, సుమిత్రా కులకర్ణి. పున్నయ్య గారు లోపల ఉండి కాపాడదామనుకున్నారో ఏమో, ఆ మాట నేను ఆయన తరఫున చెప్పలేను. నేనైతే పోకుండా ఉంటే బాగుండేదనుకుంటాను. ఇంకొందరు, లోపల మనవాళ్లు ఒక్కరైనా లేకపోతే ఎట్లా అంటారు. ఇది మన సంఘాల్లో కూడా తెగని వాదనే కదా, ప్రభుత్వ కమిటీల్లో కూర్చోవాలా వద్దా అని.

కొంచెం దూరం పోయి వస్తాను, విసుక్కోకండి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో థామస్ హెర్టెల్ అని ఒకాయన ఉండేవాడు. జడ్జిగా పనిచేశాడు, శాసనసభ్యుడుగా ఉన్నాడు. చరిత్ర పుస్తకాల్లో ఒక మూల కనిపించే మనిషి. ఆ కాలంలో అక్కడ ఆడపిల్లకు పెళ్లయితే పుట్టింటి ఆస్తి, కూలీ డబ్బు, అన్నీ భర్తవి అయిపోయేవి. ఆయన 1836లో, పెళ్లయిన స్త్రీకి తన ఆస్తి మీద హక్కు ఉండాలని బిల్లు పెట్టాడు. పోలండ్‌లో పుట్టి, అప్పుడే అమెరికాకు వచ్చిన ఎర్నస్టీన్ రోజ్ అనే యువతి ఆ బిల్లుకు మద్దతుగా సంతకాలు సేకరించడానికి ఇల్లిల్లూ తిరిగింది. ఐదు నెలల్లో ఎన్ని వచ్చాయో తెలుసా? ఐదు. ఆడవాళ్లే తలుపులు వేసుకున్నారు, మాకున్న హక్కులు చాలన్నారు. ఆ చట్టం వచ్చింది 1848లో, పన్నెండేళ్ల తర్వాత, ఎందరో స్త్రీలు ఏటేటా అర్జీలు పంపాక. బిల్లు పెట్టినవాడు ఒకడే. తలుపులు తట్టినవాళ్లే దాన్ని బతికించారు. పున్నయ్య గారి ముప్పయ్యో తారీఖు సంగతీ అదే. ఆయన పెట్టారు. తలుపులు ఎవరు తట్టాలి?

ఇప్పుడు మన జిల్లాలకు వద్దాం. ఒక ముప్పయ్యో తారీఖున నేను మన పక్కనే ఒక ఊరికి పోయాను. ఊరి పేరు చెప్పను. పంచాయతీ ఆఫీసు ముందు బ్యానరు కట్టారు, ‘పౌరహక్కుల దినం’ అని. అధికారులు పదకొండుకు వస్తామని ఒంటిగంటకు వచ్చారు. అప్పటికి కైకిలికి పోవాల్సిన ఆడవాళ్లు సగం మంది వెళ్లిపోయారు. ఒక సార్ పావుగంట మాట్లాడి, ‘మీ ఊళ్లో వివక్ష ఏమైనా ఉందా?’ అని అడిగారు. అడిగింది సర్పంచ్ పక్కన నిలబడి, ఊరి పెద్దలందరి ముందు. ఎవరు లేచి చెబుతారు? ఎవరూ లేవలేదు. ‘లేదు’ అని రాసుకున్నారు. ఫొటో దిగారు. చాయ్ వచ్చింది, ప్లాస్టిక్ కప్పుల్లో, అందరికీ ఒకే రకం. అదిగో చూశారా, రెండు గ్లాసులు పోయాయి అన్నాడు ఒకాయన సంతోషంగా.

నా పక్కన కూర్చున్న ముసలవ్వ నా చెవిలో అన్నది: ‘గిలాసలు బదలాయించిన్రు గని బిడ్డా, మాకు పోసేటప్పుడు కెటిల్ గంత ఎత్తుల పట్టుడు బదలాయించలే. చూడు.’ చూశాను. నిజమే. అవ్వ చెయ్యికీ కెటిల్‌కూ మధ్య జానెడున్నర ఎత్తు ఉంది. నా కప్పులో పోసేటప్పుడు అంత లేదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, అవ్వ చూపించకపోతే నాకు కనిపించేది కాదు. వాడి పారేసే కప్పు వచ్చాక రెండు గ్లాసుల పద్ధతి పోలేదు, దాక్కుంది. రిజిస్టర్లో మాత్రం ‘లేదు’ అని పడింది. రేపు ఏదైనా జరిగి కోర్టుకు పోతే, ఇదిగో ఈ ఊళ్లో వివక్ష లేదని అధికారులే రాశారంటారు. మన కోసం పెట్టిన దినం మనకే అడ్డం తిరుగుతుంది.

ఆ ఊళ్లోనే ఆడవాళ్లతో విడిగా కూర్చుంటే మెల్లగా మాటలొచ్చాయి. ఊరి బతుకమ్మ ఒకచోట, వాడ బతుకమ్మ ఇంకోచోట. బోనాలప్పుడు గుడి గడప దాకే. బడిలో మధ్యాహ్న భోజనం దళిత స్త్రీ వండితే కొందరు పిల్లలు డబ్బా తెచ్చుకుంటారు. ఒకామె చాలాసేపు ఊరుకుని, అందరూ లేచాక తన చెల్లెలి సంగతి చెప్పింది, చిన్నప్పుడు జోగినిగా పోతరాజుకిచ్చి పెళ్లి చేశారట. నిజామాబాద్ వైపు హేమలతా లవణం గారు ఏళ్ల తరబడి జోగిని స్త్రీల మధ్య పనిచేశారు, మనకు 1988లోనే జోగిని, దేవదాసి ఆచారాల నిషేధ చట్టం వచ్చింది. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు ఎస్సీ ఎస్టీ స్త్రీలను దేవదాసిగా అంకితం చేయడాన్ని కూడా అత్యాచారంగా చేర్చారు. అయినా ఆ అక్క అందరూ లేచేదాకా ఆగింది. సభలో అడిగితే ‘లేదు’ అన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

ఇంక మనందరికీ తెలిసినదీ, మనం చాలినంత మాట్లాడనిదీ ఒకటి ఉంది. 2019 నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి వెంట్రుకలు కొని చిన్న సామాన్లు అమ్ముకునే ఒక దళిత స్త్రీని ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు సమత అని పేరు పెట్టారు. మూడు రోజులకు హైదరాబాద్ శివార్లలో దిశ ఘటన జరిగింది. దేశమంతా లేచింది, లేవాల్సిందే. కానీ ఆ మూడు రోజులు మనం ఎక్కడున్నాం? మన జిల్లాల సంఘాలం మనం, మనకు తెలియలేదా, తెలిసీ చిన్న వార్తలాగా చదివామా? ఇక్కడి దళిత సంఘాలు, ఆమె కులంవాళ్లు రోడ్డెక్కాకే ఆ పేరు బయటకొచ్చింది. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు రెండు నెలల్లో విచారణ ముగించి ముగ్గురికీ మరణశిక్ష వేసింది. ఆ తీర్పు తారీఖు 2020 జనవరి 30. అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చి సరిగ్గా ముప్పై ఏళ్లు. ఉరిశిక్ష విషయంలో మనలో వేరువేరు అభిప్రాయాలున్నాయి, నేను దానికి వ్యతిరేకిని. కానీ కోర్టు తలుచుకుంటే రెండు నెలల్లో విచారణ అవుతుందని ఆ కేసు చూపించింది. చట్టంలో రాసింది కూడా అదే కదా, చార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో ముగించాలని. మిగతా కేసుల్లో ఎందుకు కాదు?

2023 సెప్టెంబర్‌లో ఇక్కడే మందమర్రిలో, మేక పోయిందన్న అనుమానంతో ఇద్దరిని తలకిందులుగా వేలాడదీసి కొట్టి, కింద పొగ పెట్టారు. వాళ్లలో ఒకరు దళితుడు. అది సింగరేణి బొగ్గు గనుల పట్టణం, మారుమూల పల్లె కాదు.

కాబట్టి ఏం చేయాలి? మూడు విషయాలు మాత్రం చెప్తాను, పనికొచ్చేవి.

చట్టం కింద పెట్టిన రూల్స్ 1995లో వచ్చాయి. వాటి ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి, మూడు నెలలకోసారి కూర్చోవాలి. మంచిర్యాల 2016 అక్టోబర్‌లో జిల్లా అయింది. మనకిది మేలే, ఆదిలాబాద్ దాకా పోయే పని తప్పింది. ఆ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఎవరున్నారు, ఆడవాళ్లెంతమంది, ఏం రాశారు – సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పయ్యో తారీఖు రిజిస్టర్ల నకళ్లు కూడా అడగండి. ఎన్ని ఊళ్లలో ‘లేదు’ అని రాశారో లెక్క తీద్దాం. ఆ ‘లేదు’ల ఊళ్లకు మనం ముందు రోజే పోదాం. ఇరవై తొమ్మిదిన. ఆడవాళ్లతో విడిగా కూర్చుని, వాళ్లు ఒప్పుకున్నవే కాగితం మీద రాసి, మర్నాడు సభలో ఆ కాగితం మనం ఇద్దాం. పేరు చెప్పాల్సిన భారం ఆ ఊరి ఆడమనిషి మీద పడకూడదు.

స్టేషన్ సంగతి. కేసు నమోదు చేయడానికి ముందు ప్రాథమిక విచారణ చేయాలని ఎవరైనా అంటే, 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఆ మాట ఉండేది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ మాట తీసేసింది. 18-ఎ సెక్షన్ అని గుర్తుపెట్టుకోండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కావాలని పని చేయకపోతే ఆ అధికారికి కూడా నాలుగో సెక్షన్ కింద శిక్ష ఉంది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. ఈ నాలుగో సెక్షన్ పేరు తీస్తే చాలు, చాలా స్టేషన్లలో కుర్చీ వేస్తారు. నేను అనుభవం మీద చెప్తున్నాను.

మూడోది మన గురించి. పేరు పున్నయ్య గారిదైనా, కమిషన్ వచ్చింది సర్వేలు చేసిన కార్యకర్తల వల్ల. ఆ సర్వేల్లో ఇళ్లకు పోయి అడిగినవాళ్లు చాలామంది మన వయసు ఆడపిల్లలే. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ లేవు. తెలంగాణ వచ్చాక ఎస్సీ ఎస్టీ కమిషన్ వేయడానికి ప్రభుత్వానికి దాదాపు మూడున్నరేళ్లు పట్టింది. ఆ మూడున్నరేళ్లు ఫిర్యాదు పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఆ ఖాళీ మీద మన మహిళా సంఘాలు ఒక్క ధర్నా చేశాయా? నాకు గుర్తు లేదు.

ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. ఒకసారి ఫిబ్రవరిలో ఒక మండల ఆఫీసుకు పోయి, ఈ నెల పౌరహక్కుల దినం ఏ ఊళ్లో అని అడిగాం. అక్కడి గుమాస్తా నవ్వి, ‘ఫిబ్రవరిల ముప్పై తారీఖు యాడుందమ్మా’ అన్నాడు. మాతో వచ్చిన బెల్లంపల్లి అక్క, బీడీలు చుట్టే అక్క, చప్పున అన్నది: ‘మమ్ముల కొట్టెటోళ్లకు గీ నెల సెలవా సారూ?’ ఆయన నవ్వడం మానేశాడు. ఇరవై ఎనిమిదిన పెట్టారు, మేం పోయాం.

భోజనాలయ్యాక మండలాల వారీగా కూర్చుందాం. రిజిస్టర్ నకలు కోసం దరఖాస్తు నమూనా నా దగ్గరుంది, ఒక్కో మండలం వాళ్లు ఒక్కోటి తీసుకోండి. లక్షెట్టిపేట, జన్నారం వాళ్లకు బస్సు తొందరగా ఉందట, ముందు వాళ్లతో మొదలుపెడదాం.